సిస్టరమ్మ దిద్దిన ఆకాశం

సిస్టరమ్మ పోయిందని ఆమె అన్న కూతురు పొద్దున్నే వచ్చి చెప్పింది. నేనప్పుడు వాకిట్లో కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరుతున్నాను. "అత్త లేస్తలేదు టీచరమ్మ" అన్నది. ఇంకేమీ అనలేకపోయింది. నేను వెళ్లి చూస్తే ముఖంలో బాధేమీ లేదు. ఎవరినో విసుక్కోబోయి మానుకున్నట్టుంది. ఉద్యోగకాలమంతా ఊరి నాడి చూసిన మనిషి తన నాడి చూసే అవకాశం ఎవరికీ ఇవ్వకుండా వెళ్లిపోయింది.

ఆమె దవాఖానలో నర్సు, నేను బళ్లో టీచరును. ఇద్దరం పక్కపక్క ఇళ్లవాళ్లం. మా ఊరు ఖేడ్‌లో సగం మంది ఆమె చేతుల్లో పుట్టారు కనుక వాళ్లను తిట్టే హక్కు ఆమెది. మిగతా సగాన్ని నేను తరగతిలో తిట్టాను. ఆమె ఆదివారం చర్చికి వెళ్లి నా కోసం కూడా ప్రార్థన చేసి వచ్చేది. "నీ నోటి కోసమే చేసిన" అనేది.

పదవీ విరమణ తర్వాత ఆడవాళ్లు పచ్చళ్లు పెడతారు, కోడళ్ల మీద ఫిర్యాదులు చెబుతారు. సిస్టరమ్మ విమానాల ఫోటోలు తీసింది. పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ ఒకతను కొత్త కెమెరా కొనుక్కుని పాతది అమ్మేస్తుంటే పొడుగాటి లెన్సుతో సహా తెచ్చుకుంది. బీదర్ వైపు నుంచి చిన్న శిక్షణ విమానాలు వస్తుంటాయి. చప్పుడు వినబడగానే పొయ్యి మీద కూర వదిలేసి మిద్దె ఎక్కేది. ఆ రోజుల్లో వాళ్లింట్లో మాడని కూర నేను తినలేదు.

మొదటి ఫోటో చూపించినప్పుడు, "ఏంది సిస్టర్, సున్నం గోడ మీద ఈగనా?" అన్నాను.

"ఆగు. ఇంకా కట్టు కట్టలేదు దానికి."

ఆ కట్టు కట్టడమే అసలు పని. ఫోటోను ఫోన్లోకి ఎక్కించుకుని, అద్దాలు ముక్కు మీదికి దించి, ఎండ వెలుతురు తగ్గించేది. తెల్లగా పాలిపోయిన ఆకాశంలో దాక్కున్న మబ్బు మెల్లగా పైకి తేలేది. నీడలకు కొంచెం నీలం, పొద్దు వైపు కొంచెం పసుపు. తర్వాత పైనా కిందా కత్తిరించి సినిమా తెరలా వెడల్పు చేసేది. అంతకు ముందు ఈగలా ఉన్నది ఉరిమే మబ్బులోంచి దూసుకొస్తున్న విమానమయ్యేది.

"జల్దీ చెయ్యరాదా" అంటే, "కొద్దిగ కొద్దిగనే జరపాలె. ఒక్కపారి గుంజితే చర్మం ఊడొస్తది" అనేది.

ఆ ఫోన్లో ఎక్కడిదో మబ్బు తెచ్చి అతికించే సౌకర్యం కూడా ఉంది. ఒకసారి నేనే సలహా ఇచ్చాను. "గా మబ్బు ఎవరి ఊరిదో. మన ఊరి మీద దానికేం పని?" అని నన్ను పంపేసింది. విమానం జోలికి మాత్రం పోయేది కాదు. "దాన్ని ముట్టద్దు. సుట్టూ చీకటి జేస్తే అదే కనవడ్తది."

ఇదంతా ఎందుకని అడిగితే చాలాకాలం చెప్పలేదు. చివరికి ఒక సాయంత్రం చెప్పింది. కాన్పుల వార్డు బయట కూర్చున్నవాళ్లకు చూడటానికి గోడ మీద రోగాల బొమ్మలు తప్ప ఏమీ లేవట. తాను లోపలికీ బయటికీ తిరిగినన్నాళ్లూ వాళ్ల చూపులు ఆ బొమ్మల మీదే ఉండేవట. "లోపల బిడ్డ ఉంటది, బయట వీళ్లు క్షయ బొమ్మ జూస్తుంటరు. ఆడ ఒక్కటి, పెద్దగ, నాది పెట్టాలె." అప్పటికే ఆమె కాళ్లు వాస్తున్నాయి. ఆ ఫోటో గోడకెక్కాలన్న తొందర ఎందుకో నాకు అర్థమైంది.

పక్క ఊరు మనూర్ వెళ్లే తొవ్వలో కందిచేను గట్టు మీద నిలబడి తీసిన ఫోటో ఎంచుకుంది. వానాకాలం సాయంత్రం, కొండంత మబ్బు, దాని అంచున చిన్న విమానం. ఫ్లెక్సీ షాపులో ఇస్తే బొగ్గు బస్తా అచ్చయి వచ్చింది.

"ఫోన్ వెలుగు నిండుగ పెట్టి దిద్దిన" అని తనే తప్పు కనిపెట్టింది. "కాయిదానికి దాని సొంత వెలుగు ఉండది గద."

మళ్లీ దిద్ది ఇచ్చింది. ఈసారి షాపు అతను తన పనితనం చూపించాడు. నాయకుల ముఖాలు తెల్లబరిచి అలవాటైన చెయ్యి. మబ్బు తుడిచి ఆకాశాన్ని చిలకపచ్చకూ నీలానికీ మధ్య ఎక్కడో నిలబెట్టాడు. కింద మూలన చేతులు జోడించిన సిస్టరమ్మ. పదవీ విరమణ సన్మానం నాటి ఫోటో అతని కంప్యూటర్లోనే ఉందట.

"గిదేంది?"

"ఇచ్చినోళ్ల ఫోటో లేకుంట ఎట్లమ్మా? ఎవరిచ్చిండ్రో తెల్వద్దా?"

"ఆడ కూసున్నోళ్లే పరేషాన్ల ఉంటరు. నా మొఖం జూసి దండం పెట్టాల్నా? మరి నలుపెందుకు తీసినవ్?"

"నల్లగుంటే మంచిగుండదని..."

"పుట్టినప్పుడు నువ్వు గూడ నల్లగనే ఉన్నవ్ బిడ్డా. మీ అమ్మ ఏమన్న అన్నదా?"

అతను నవ్వేసి కుర్చీ జరిపాడు. సిస్టరమ్మ ఆ పక్కనే కూర్చుంది. "కొద్దిగ... ఇంకొద్దిగ... ఆగు." ఆ గొంతు నేనంతకు ముందు వినలేదు. కాన్పుల గదిలో అలాగే మాట్లాడేదేమో. మూడోసారి ఫోటో ఆమె అనుకున్నట్టే వచ్చింది. అరచేత్తో దాని అంచు నిమిరి, "గోడకు పెట్టిన్నాడు జెప్పు, వస్త" అన్నది.

గోడకు మేకు కొట్టేందుకు దవాఖాన వాళ్ల ఒప్పుకోలు వచ్చేలోపే ఆమె వెళ్లిపోయింది.

సమాధుల తోట నుంచి వచ్చిన మర్నాడు ఆమె అన్న కూతురు అడిగింది, "ఇప్పుడన్న అత్త ఫోటో మూలకు పెడ్దామా టీచరమ్మ?"

వద్దన్నాను.

"మరి మా అత్తను ఎవరు యాదుంచుకుంటరు?" అని ఏడ్చింది. నేనన్నాను, "వద్దన్న మనిషి. లేదు గదా అని మనం పెడితే అది మీ అత్త ఫోటో కాదు, మన ఫ్లెక్సీ అయితది." ఆ పిల్ల కళ్లు తుడుచుకుని సరేనన్నది. ఆ మూలన ఆమెను పెట్టకుండా ఆపినందుకు, ఆమె గురించి చెప్పాల్సిన మాటలు నాకు బరువయ్యాయి. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నిన్న గోడకెక్కించారు. మేమిద్దరం వెళ్లి కాన్పుల వార్డు ముందు బల్ల మీద కూర్చున్నాం. పక్కన ఫ్లాస్కు పట్టుకుని ఒకతను, అతని ఎదురుగా కల్హేర్ నుంచి వచ్చిన ముసలామె. అతను చాలాసేపు పైకి చూసి ఆమెను అడిగాడు, "అవ్వా, గా విమానం వస్తుందా, పోతుందా?"

"వస్తుంది. ముక్కు మనదిక్కే ఉంది, కనవడ్తలేదా?"

"నాకైతే పోతున్నట్టుంది."

"నీ పానం లోపలుంది, అందుకే. మంచిగ జూడు."

లోపలి నుంచి ఎవరో అతని భార్య పేరు పిలిచారు. ఫ్లాస్కు బల్ల మీదే వదిలేసి లేచాడు. తలుపు దాకా నడుస్తూ కూడా మెడ వెనక్కి తిప్పి ఆ మబ్బు వైపే చూస్తున్నాడు.