విగ్గు లాగే పని

ఆరాలు తీయడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ప్రభుత్వాఫీసులో ఫైళ్ళు చూసే ఉద్యోగంతో అది ఇంకాస్త ముదిరింది. వైశాలిలో మెట్రో ఎక్కితే, పక్కావిడ సంచిలో ఏముందో తెలిసేదాకా నాకు తోచదు.

ఢిల్లీలో మా తెలుగువాళ్ళ నాటకానికి ఏటా మేకప్ వేసేది నేనే. మొదట్లో ఆడవాళ్ళు దొరక్క మగపిల్లల చేత ఆడవేషాలు వేయించారట. తర్వాత దొరికినా ఆ అలవాటు పోలేదు. దానికి తోడు ఇంకో ఆచారం. నాటకం అయ్యాక అందరూ వరసగా నిలబడితే, నేను స్టేజి ఎక్కి రాణి విగ్గు లాగేయాలి. కింద క్రాఫు కనబడగానే హాలంతా గొల్లుమంటుంది. ఆ చప్పట్లలో సగం నావేనని నాకో గర్వం.

ఆ ఏడు ఉగాది నాటకంలో రాణి వేషానికి కొత్త కుర్రాడు వచ్చాడన్నారు. నేనూ అప్పటికి కుర్రాడనే అనుకున్నాను. తండ్రిది శ్రీకాకుళం వైపు, కంటోన్మెంటులో సుబేదారు. ఆ పిల్ల కటవారియా సరాయ్‌లో గది తీసుకుని పరీక్షలకు చదువుతోంది. అప్పటికే ఎండలు మొదలయ్యాయి, నెత్తి మీద ఉన్ని టోపీ మాత్రం దిగదు. అడిగితే “చలి ఆంటీ” అనేది. ఆ ఎండలో చలేమిటి, నా మొహం!

ఇంకో సంగతీ నన్ను తొలిచేది. మా పాత రాణులందరూ నడుము తిప్పుతూ నవ్వించేవాళ్ళు. రిహార్సల్స్‌లో ఈ రాణి మామూలుగా నడిచేది. ఒక్కరికీ నవ్వు రాలేదు, అందరూ కళ్ళప్పగించి చూశారు.

నాటకం రోజు విగ్గు పెడదామని మేకప్ గదికి రమ్మన్నాను. ఆ పిల్ల గది గడియ పెట్టి టోపీ తీసింది. జుట్టు భుజాలు దాటి జారింది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, “ఎన్నాళ్ళు పట్టిందే?”

“రెండేళ్ళు పైనే. ఇంట్లో ఉంటే నాన్న నెలనెలా బార్బర్ దగ్గర కూర్చోబెట్టేవాడు. అందుకే గది తీసుకున్నా. వీడియో కాల్‌లో టోపీ.” టోపీ మడతపెడుతూ అంది, “నేను అమ్మాయిని ఆంటీ. నాన్నకి చెబుదామని ఎన్నిసార్లు ఫోన్ చేశానో. హలో తర్వాత గొంతు రాదు. రాణి మాటలు చెప్పేటప్పుడే వణకదు. అందుకే ఇవాళ ఆయన్ని ముందు వరసలో కూర్చోమన్నా.”

“సరేలే, ఈసారి విగ్గు లాగడం మానేస్తాను.”

“నై ఆంటీ, మానొద్దు. లాగండి. ఊడి రాదు కదా, అప్పుడు నాన్నకి తెలుస్తుంది.”

“ఆయన లేచి వెళ్ళిపోతే?”

“వెళ్ళనీండి. తెలిసి వెళ్తాడు కదా.”

నేనే జడ వేసి పూలు పెట్టాను. నిజం చెప్పొద్దూ, భయం ఎంతుందో, ఏమవుతుందో చూడాలన్న ఆత్రమూ అంతే ఉంది. నా మీద నాకే అసహ్యమేసింది.

ఆ పూట రాణి నిండుకొలువులో రాజును నిలదీస్తుంటే, రోజూ రిహార్సల్స్‌లో విన్న నాకే ఒళ్ళు గగుర్పొడిచింది. సుబేదారు గారు చేతులు కట్టుకుని కదలకుండా కూర్చున్నారు. నేను తెర పక్కనుంచి ఆయన్నే చూస్తున్నాను.

నాటకం అయింది. మైకులో నన్ను పిలిచారు. వెళ్ళి జడ పట్టుకుని మెల్లగా లాగాను. రాలేదు. జనం నవ్వారు. పిన్నులు ఎక్కువ పెట్టాననుకున్నారు పాపం. “గట్టిగా లాగండి మేడం” అని వెనకనుంచి ఎవరో కేకేశారు. ఆ పిల్ల పెదవి కదపకుండా “లాగండి ఆంటీ” అంది. ఇంకాస్త గట్టిగా లాగాను. తల వెనక్కి వంగింది. కాటుక కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వు మాత్రం చెదరలేదు. హాల్లో నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

సుబేదారు గారు లేచారు. వెళ్ళిపోతున్నారనే అనుకున్నాను. నేరుగా స్టేజి దగ్గరికొచ్చి, జడ పట్టుకున్న నా చేతికేసి చూస్తూ అన్నారు.

“ఒగ్గీయండమ్మా. నా కూతురికి నొప్పెడతాది.”