హెడ్మాస్టారి మీద దేవునికి నేను పెట్టుకున్న ఫిర్యాదు

ఒక బడిలో ఇంకా చేరకముందే ఆ బడి హెడ్మాస్టారి లోపాలన్నీ ముప్పైమంది ఎదుట, గొంతెత్తి, వరసగా చదివిన పదో తరగతి పిల్ల విశాఖపట్నంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. అదీ ఎవరికి చదివాను? సాక్షాత్తూ దేవునికి. ఎక్కడ చదివాను? మా ఇంటి ముందుగదిలో, మోకాళ్ల మీద నిలబడి, కళ్లు గట్టిగా మూసుకుని. ఇంత ఘనకార్యం ఇంకెవరైనా చేసి ఉంటే చెయ్యెత్తండి, నా కిరీటం మీకిచ్చేస్తాను. ఎవరూ ఎత్తలేదు కదా? అయితే వినండి.

అప్పటికి మా ఇల్లు తగరపువలసలో. నాన్నకి ఉక్కు ఫ్యాక్టరీలో ఒక కాంట్రాక్టరు కింద పని. రోజూ ఈ కొస నుంచి ఆ కొసకి రెండు బస్సులు మారి వెళ్లేవాడు. మంచం మీద కన్నా బస్సు కిటికీకి తలానించి పడుకున్న నిద్రే ఎక్కువ ఆయనకి. డిసెంబరులో ఒకరోజు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ప్రకటించాడు.

"కూర్మన్నపాలెంలో ఇల్లు సూసీసినాను. ఆదివారం సామాను ఎక్కించీడమే."

"నాన్నా! నాను పదో తరగతి!"

"అయితే ఏటి? అక్కడ పదో తరగతి సెప్పరేటి?"

"పరీచ్చలు మార్చిలో!"

"అక్కడా మార్చిలోనే అవుతాయమ్మా. కూర్మన్నపాలేనికేటి వేరే క్యాలెండరు ఉంటాదేటి?"

అమ్మ కలగజేసుకుంది. "దేవుడు తోవ సూపించినాడు కదే. ఇంక ఏటి భయం?"

దేవుని పేరు ఎత్తాక నేను నోరు మూసుకున్నాను. ఎందుకంటే మా ఇంట్లో ఆ విషయంలో నిపుణురాలిని నేనే. తగరపువలస సండే స్కూల్లో కంఠస్థ వాక్యాల పోటీ ఏదైనా సరే, బహుమతి స్టీలు గిన్నె నాదే. మా ఇంట్లో సగం గిన్నెలు నేను సంపాదించినవే. ఇక ప్రార్థన సంగతి చెప్పక్కర్లేదు. నేను మొదలుపెడితే వేడి పులుసు చల్లారేది, చంటిపిల్లలు నిద్రపోయి మళ్లీ లేచేవారు. "దీవెనకి ప్రార్థనాత్మ ఉందమ్మా" అని పెద్దవాళ్లు నా పేరెత్తి అంటుంటే నా మెడ హార్బరులో క్రేనులా పైకి లేచేది. ఆ లేచిన మెడే నన్ను ముంచింది.

పాత బడిలో టీసీ తీసుకున్నాం. అంటే అక్కడి రిజిస్టరులో నా పేరు కొట్టేశారు. ఇక కొత్త బడి చేర్చుకోవాలి. మేము దిగిన వీధికి దగ్గర్లోనే ఒక చిన్న ప్రైవేటు బడి ఉంది. గేటు మీద పెద్ద ఫ్లెక్సీ, 'పదో తరగతిలో నూటికి నూరు శాతం ఉత్తీర్ణత' అని. దాన్ని చూడగానే అమ్మ కొంగు పట్టుకుని వెనక్కి లాగాను. ఎందుకంటే లెక్కలకీ నాకూ సరిపడదు.

హెడ్మాస్టారు యాభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉన్నారు. కళ్లద్దాలు ముక్కు చివర వేలాడుతున్నాయి. జుట్టు మాత్రం బూట్ పాలిష్ వేసినట్టు నిగనిగలాడుతోంది. అమ్మని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, నన్ను లోపలికి పిలిచి, ఇరవై అయిదు మార్కులకి లెక్కల పేపరు ఇచ్చారు. నేను రాశాను. ఆయన పొట్లంలో పకోడీలు తింటూ దిద్దారు. దిద్ది, చివర నాలుగు వేశారు. నలభై కాదండీ. నాలుగే.

"ఏటమ్మా ఇది?" అన్నారు.

నేను పకోడీల పొట్లం మీది నూనె మరకలు లెక్కపెట్టాను.

"సోమవారం సాయంత్రంలోగా పబ్లిక్ పరీక్షకి పేర్లు పంపీయాల. మా బడిలో ఇంతవరకు పది తప్పినోళ్లు లేరు. నిన్ను సేర్చుకుంటే..." ఆయన మాట ఆపి కిటికీలోంచి ఫ్లెక్సీ వైపు చూశారు. "ఆలోసిత్తాను. ఎల్లు."

అది గురువారం. పాత బడి వదిలేసింది, కొత్త బడి పట్టుకోలేదు. సోమవారం దాటితే నా పేరు ఎక్కడా ఉండదు, ఏడాది గంగలో కలిసిపోతుంది. బయటికి రాగానే అమ్మ అడిగింది.

"ఏటన్నారే?"

"ఆలోసిత్తానన్నారు."

"పరీచ్చ రాసినావా?"

"రాసీసినాను."

"పేపరేది?"

"ఆయన కాడే ఉంచుకున్నారు."

పాఠకులు గమనించాలి. నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. నాలుగు సంగతి అడగలేదు, నేను చెప్పలేదు. రాత్రి నాన్న వచ్చాక కూడా ఇవే జవాబులు. "మరి రాసినాక కూడా ఆలోసించడానికి ఏటుంది?" అని నాన్న గొణిగాడు. నేను "ఆ మేస్టారి గుండె రాయి నాన్నా" అన్నాను. ఇది మాత్రం కొంచెం కల్పితం.

మరునాడు శుక్రవారం సాయంత్రం మా కొత్తింట్లో గృహ ప్రార్థన. కొత్త చర్చి సంఘం వాళ్లు మమ్మల్ని చేర్చుకున్న తీరు తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. చాపలు వాళ్లే తెచ్చారు, టీ గ్లాసులు వాళ్లే తెచ్చారు. ముప్పైమంది ఆ చిన్న గదిలో మోకాలికి మోకాలు తగిలేలా సర్దుకున్నారు. ముందు వరసలో మరియమ్మ పెద్దమ్మ. ఆమె "స్తోత్రం!" అంటే హార్బరులో ఓడ కూసినట్టే. పాస్టరు గారిని అందరూ అయ్యగారు అంటారు. ఆయన ఇంకా రాలేదు, ఎవరినో వెంటబెట్టుకుని వస్తారని కబురు పెట్టారు. ఈలోగా పెద్దమ్మ పాటలు పాడించి, నా వైపు తిరిగింది.

"ఈ పాప బాగా ప్రార్థన సేత్తాదంట కదా! మన కోసం సేయమ్మా."

కొత్త సంఘం, కొత్త చెవులు. తగరపువలస కీర్తి ఇక్కడ కూడా నిలబెట్టాలి. మెడ లేచింది. కళ్లు మూసుకున్నాను.

తెలియని వాళ్ల కోసం ఒక మాట. మా ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటారు. ఎవరు వచ్చారో, ఎవరు వెళ్లారో చూడరు. చేసేవారు ఆమెన్ అనేదాకా మధ్యలో ఎవరూ అడ్డం రారు. దేవునితో మాట్లాడుతున్న మనిషిని "ఇంక ఆపు" అనడానికి ఎవరికి నోరొస్తుంది?

మొదట ముఖ్యమంత్రికి, ప్రధానమంత్రికి, సముద్రం మీద ఉన్న జాలర్లకి, ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర నిలబడే వాళ్లకి ప్రార్థించాను. బాగుంది. గది నిండా స్తోత్రాలు. ఆ ఊపులో నా సొంత విషయానికి వచ్చాను.

"తండ్రీ, నీ బిడ్డని బడిలో చేర్చుకోని ఆ హెడ్మాస్టారిని నీ చేతికి అప్పగిస్తున్నాను!"

"స్తోత్రం!" ఓడ కూసింది.

తలుపు దగ్గర ఎవరో చెప్పులు విప్పిన చప్పుడు. ఎవరో వచ్చి వెనక కూర్చున్నారు. అయ్యగారే అయి ఉంటారని, ఆయన కూడా వినాలని గొంతు పెంచాను.

"రాతి గుండె తండ్రీ ఆయనది! పిల్లల భవిష్యత్తు కన్నా గేటు మీది ఫ్లెక్సీ మీదే ఆయనకి ప్రేమ!"

"అయ్యో! స్తోత్రం!"

"నా పరీక్ష పేపరు దిద్దుతూ పకోడీలు తిన్నారు తండ్రీ! నా జవాబుల మీద నూనె వేలిముద్రలు వేశారు!"

"దేవా, సూడు!"

"ఆయన తలకి వేసుకున్న నల్లరంగు ఆయన మనసుకి కూడా అంటుకుంది తండ్రీ!"

ఇక్కడ ఎవరో గట్టిగా దగ్గారు. అది అయ్యగారి దగ్గు. మెచ్చుకోలు అనుకున్నాను. నాన్న మోకాలితో నన్ను పొడిచాడు. ఇరుకు గది కదా అనుకున్నాను. అమ్మ ఉన్నట్టుండి పాట అందుకుంది. ఎవరి ప్రార్థనైనా మరీ సాగితే పాట ఎత్తి ఆపడం మాలో పాత ఉపాయం. అయినా నాకు అర్థమైందా? ఆత్మ బలంగా పనిచేస్తోంది, అమ్మ కూడా కదిలిపోయింది అనుకుని, ఆ పాట మీదుగా ఇంకా గట్టిగా అరిచాను.

"పరీక్ష చక్కగా రాసే కృప నాకిచ్చావు! అయినా ఆయన కనికరించలేదు! సోమవారంలోగా ఆయన్ని కదిలించు! ఎక్కడున్నా లేపి తీసుకురా తండ్రీ! ఆమెన్!"

ఆమెన్ అంటూ కళ్లు తెరిచాను. ఎవరూ నా వైపు చూడటం లేదు. అందరూ నా వెనక్కి చూస్తున్నారు. తిరిగాను.

దేవుడు నేను అడగకముందే లేపి తీసుకొచ్చేశాడు. తలుపు పక్కన, అయ్యగారి భుజానికి ఆనుకుని, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు హెడ్మాస్టారు. కళ్లద్దాలు ముక్కు చివరనే ఉన్నాయి.

తరవాత తెలిసింది ఏమిటంటే, అమ్మ పొద్దున్నే మా సంగతి అయ్యగారితో చెప్పుకుందట. హెడ్మాస్టారూ అయ్యగారూ చిన్ననాటి స్నేహితులు. "బావా, ఒక మంచి కుటుంబం వొచ్చింది, పిల్ల భక్తిగలది, ఓ పాలి వొచ్చి సూడు" అని బతిమాలి తీసుకొచ్చారట. ఆ భక్తిగల పిల్ల ఆయనకి ఇచ్చిన స్వాగతం మీరు విన్నారు కదా.

అయ్యగారి మొహం చెమటతో మెరుస్తోంది. "మన మధ్యకి ఒక అతిథి వొచ్చారు. వేరే సంఘంలో విశ్వాసి," అన్నారు. "బావా, మరి... ఏటైనా రెండు మాటలు?"

"మాటలెందుకు బావా," అన్నారు హెడ్మాస్టారు మెల్లగా. "నానూ ప్రార్థనే సేత్తాను."

అందరూ మళ్లీ కళ్లు మూసుకున్నారు. నేను కూడా. ఆమెన్ దాకా ఎవరూ అడ్డం రారు. గుర్తుందా?

"తండ్రీ," అని మొదలుపెట్టారు ఆయన, హాజరు పిలిచినట్టు నిదానంగా. "ఈ బిడ్డకి మంచి గొంతు ఇచ్చినందుకు వందనాలు. మా బడిలో మైకు పాడైపోనాది. ఇంక కొనక్కర్లేదు."

"స్తోత్రం!" అంది పెద్దమ్మ. ఆమె ఎవరి పక్షమో నాకు అప్పుడు అర్థమైంది. ఎవరు మాట్లాడితే వాళ్ల పక్షం.

"నాను పకోడీలు తిన్నమాట నిజమే. ఆ రోజు మధ్యాన్నం అన్నం తినలేదు, నీకు తెలుసు. తలకి రంగు మా ఆవిడ ఎయ్యమంటే ఏసుకున్నాను, అదీ నీకు తెలుసు. ఫ్లెక్సీ మీద నాకు ప్రేమ ఉన్నమాట కూడా నిజమే తండ్రీ. ఈ బిడ్డ అన్నాక నాకు సిగ్గేసింది. క్షమించు."

ఈ మాటకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మనిషి ఎంత మంచివాడు, అయిపోయింది, బతికిపోయాను అనుకున్నాను.

"అయితే తండ్రీ..." అన్నారు ఆయన.

ఆ 'అయితే' వినగానే కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాను.

"పరీక్ష సక్కగా రాసే కృప ఇచ్చావని ఈ బిడ్డ నీకు వందనాలు సెప్పింది. ఇరవై అయిదుకి నాలుగు వొచ్చాయి తండ్రీ. ఆ సంగతి ఇంట్లో సెప్పలేదు గావాల."

నేను ఒక కన్ను తెరిచాను. నాన్న రెండు కళ్లూ తెరిచి నన్నే చూస్తున్నాడు.

"స్తోత్రం!"

"త్రిభుజం సిద్ధాంతం నిరూపించమంటే, కింద 'దేవునికి సమస్తమూ తెలుసు' అని రాసింది తండ్రీ. నీకు తెలుసు. అందుకే సున్నా ఎయ్యలేక అర మార్కు ఏసినాను."

చాపల మీద ఎవరెవరో నవ్వు ఆపుకుంటున్న చప్పుడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అయ్యగారి దగ్గు ఈసారి దగ్గు కాదు.

"కాబట్టి తండ్రీ, రేపే ఈ బిడ్డ పేరు మా రిజిస్టర్లో రాత్తాను. రేపట్నించి పరీక్షల దాకా, ప్రతిరోజూ ఉదయం ఆరింటికి నా దగ్గరకొచ్చి లెక్కలు సేసే బలం ఈ బిడ్డకి ఇయ్యి. క్రిస్మస్ సెలవులకి కూడా ఇయ్యి. ఇది ఇష్టం లేనోళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే సెప్పమను."

దేవుని సన్నిధిలో, ప్రార్థన మధ్యలో, ముప్పైమంది మధ్య, నేను ఏమని చెప్పను? తెరిచిన ఆ ఒక్క కన్ను కూడా మూసుకున్నాను.

"ఎవరికీ అభ్యంతరం లేదు తండ్రీ. ఆమెన్."

"ఆమెన్!" అంది గది గదంతా. అందరికన్నా గట్టిగా అన్నది మా నాన్న. నా చదువు, నా చలికాలం నిద్ర, నా క్రిస్మస్ సెలవులు, అన్నిటికీ ఒక్క ఆమెన్‌తో సంతకం పడిపోయింది.

వాళ్లు వెళ్లాక నాన్న నన్ను తిట్టలేదు. టీ గ్లాసులు సర్దుతూ ఒకటే అడిగాడు.

"నాలుగులో ఆ అర మార్కు దేవుడిదా? అంటే నీవి మూడున్నరేనా?"

ఆదివారాలు కూడా ఆరాధనకి ముందే మేస్టారి ఇంటి అరుగు మీద పలకతో కూర్చున్నాను. ఆయన ఒక్కనాడు కూడా ఆ సాయంత్రం ఊసెత్తలేదు. లెక్క తప్పినప్పుడు మాత్రం కళ్లద్దాలు పైకి తోసి "ప్రార్థన సెయ్యమంటావేటి?" అనేవారు. అంతే, బెదిరిపోయి లెక్క వచ్చేసేది. మార్చిలో లెక్కల పరీక్ష రాశాను. అరవై ఎనిమిది వచ్చాయి, అన్నీ నావే, దేవుడి వాటా కలపకుండా. ఆ ఏడాది కూడా ఫ్లెక్సీ మారలేదు.

నవ్వండి, పరవాలేదు. కానీ ఆ రోజు నేర్చుకున్నది నవ్వులాట కాదు. నేను జవాబు కోసం ఆకాశం కేసి అరుస్తుంటే, జవాబు నా వెనకే చాప మీద కూర్చుని నా తిట్లు తింటోంది. పైగా మన్నించింది కూడా.

అందుకని, మా సంఘంలో ఒట్టు పెట్టుకోకూడదు గనుక, చదువరులందరి సాక్షిగా ఇదిగో నా మాట ఇస్తున్నాను. ఇకమీదట ఎవరి మీదైనా దేవునికి ఫిర్యాదు చేయాలంటే ముందు నా తప్పులన్నీ వరసగా ఒప్పుకుంటాను. ఆ జాబితా ఎప్పటికి పూర్తవుతుందో తెలియదు. ఎదుటివాళ్ల పేరు వచ్చేసరికి గదిలో అందరూ ఎలాగూ లేచి ఇళ్లకి వెళ్లిపోయి ఉంటారు. ఆమెన్.