పిక్కల దగ్గర చిల్లులు

మొన్న శుక్రవారం ఇక్కడ గల్ఫులో, అల్ వర్సాన్‌లోని మా రూములో భోజనాలయ్యాక అందరం నడుం వాల్చాం. పై మంచం మీదున్న మా బావమరిది ఫోన్లో ఏదో ఫుట్‌బాల్ ఆట చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఫోను నా ముఖం ముందుకు దించి, "బావా, గిది సూడు. కోట్లు సంపాదిస్తడట, సాక్సులకు మాత్రం పిక్కలకాడ అన్ని బొక్కలే. ఒక్క జత కొనుక్కోరాదా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతకీ ఆగకపోయేసరికి బిర్యానీ ఎక్కువైందేమోనని వాడు నన్ను అనుమానంగా చూశాడు. వాడికి సంగతి చెప్పాలంటే టైలర్ చాచా గురించి చెప్పాలి. చాచా గురించి చెప్పాలంటే ముందు ఐర్లండ్ ఆయన గురించి చెప్పాలి. వాడికి అంత ఓపిక లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కరోనా కాస్త తగ్గినా, వారం వారం ముక్కులో పుల్ల పెట్టించుకునే బాధ మాత్రం ఇంకా తగ్గని రోజులవి. అంతకు ముందు ముసఫ్ఫాలో కంపెనీ బస్సు నడిపిన నేను, అప్పుడే ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు బస్సుకు మారాను. కంపెనీ బస్సులో కూలీలు ఎక్కగానే నిద్రపోయేవాళ్లు. క్లబ్బు బస్సులో ఆటగాళ్లు ఎక్కగానే చెవుల్లో పాటలు పెట్టుకునేవాళ్లు. ఎటు తిరిగీ నాతో మాట్లాడే నాథుడు లేడు. ఆ ఏడు వచ్చిన ఐర్లండ్ ఆయన ఒక్కడే కాళ్లు చాపుకోవడానికి వీలని డోరు పక్క మొదటి సీట్లో కూర్చుని కబుర్లు చెప్పేవాడు. ఆయన ఇంగ్లీషు రైలు పట్టాల మీద పోయినట్టు పోయేది, మధ్యలో స్టేషన్లు ఉండేవి కావు. అయితే దేన్ని గురించి అడిగినా చివరికి "గ్రాండ్" అనేవాడు. తిండి గ్రాండ్, ఎండ గ్రాండ్, కాలినొప్పి కూడా గ్రాండే. మన భాషలో 'పర్లేదు' అన్నమాట అని కొన్నాళ్లకు నాకు అర్థమైంది.

ముప్పై ఆరేళ్లవాడు. ఆ ఆటలో అది తాత వయసు. మైదానం మధ్యలో ఆడేవాడు. గోలు కొట్టేవాడికి పేరొస్తుంది, గోలు ఆపేవాడికి పేరొస్తుంది, మధ్యవాడిది మాత్రం పెళ్లి పంక్తిలో వడ్డించే పని. ఎవరి విస్తరిలో ఏది తక్కువైందో చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి, ఆగాడంటేనే అందరికీ కనిపిస్తాడు. పదహారేళ్లకు ఇల్లు వదిలి ఇంగ్లండు పోయాడట. పెద్ద క్లబ్బు కొన్నాళ్లు ఉంచుకుని పంపేసింది. ఆ తర్వాత అన్నీ చిన్న ఊళ్లు, చిన్న మైదానాలు, వానలు, బురద. దేశం జెర్సీ ఒకే ఒక్కసారి, అదీ ఆట చివర్లో కాసేపు వేసుకున్నాడు. "బంతి నా దగ్గరకు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ మనవాడికే ఇచ్చాను" అని నాతో చెప్పాడు. ఆయన గొప్ప చెప్పుకోగా విన్నది అదొక్కటే.

మా క్లబ్బులో ఒప్పందం ఒక్క ఏడాదికే. ఇంకో ఏడాది పొడిగిస్తే ఊళ్లో ఉన్న భార్యనూ కూతురినీ తెచ్చుకోవాలని ఆయన ఆశ. పాపకు అప్పుడప్పుడే గుర్తుండే వయసు వస్తోంది. నాన్న ఆడగా ఒక్కసారైనా మైదానంలో కూర్చుని చూడాలి, అదీ కోరిక. కానీ ఎడమ పిక్క మాటిమాటికీ పట్టేసేది. "చివరిదాకా నిలబడి ఆడితే చూద్దాం" అన్నాడు ముదీర్. ఇక్కడ మేనేజరును అలాగే పిలుస్తారు. అంటే ఐర్లండ్ ఆయన వచ్చే ఏడాది మొత్తం ఆ పిక్క మీద ఆధారపడింది.

ఇక టైలర్ చాచా. ప్రొద్దుటూరు మనిషి. గ్యాలరీ మెట్ల కింద లాండ్రీ గదిలో ఉతుకులు, ఇస్త్రీ, జెర్సీలకు నంబర్లు, కుట్లు అన్నీ ఆయనే చూసేవాడు. అన్నేళ్ల నుంచి ఉన్నా ఒక్క ఆటా చూసినవాడు కాదు. బంతి ఎవరిదైతే ఏం, మట్టి నాదేగా అనేవాడు. ఒకనాడు చాచా, ఐర్లండ్ ఆయన సాక్సులన్నీ తెచ్చి నా ముందు పరిచాడు. అన్నిటికీ పిక్కల దగ్గర గుండ్రంగా చిల్లులు.

"ఎవుడో కావాలనే కోస్తాండాడు నాయనా. మిషన్ నమిలితే ఇంత గుండ్రంగా నమల్దు. దొర మంచోడు గనక నోరు మెదపడంల్యా. మన రూం నుంచి చినిగిన గుడ్డ పోతే మన ఇజ్జత్ ఏం గావాల?"

చాచా అనుమానం ఆ రోజంతా గోల్‌కీపర్ మీద ఉంది, మర్నాటికి ఎలుకల మీదికి మళ్లింది. అనుమానం ఎవరి మీదున్నా చేతులు మాత్రం ఊరుకోలేదు. చిల్లులన్నీ పోగు పోగు కలిపి రఫూ చేసేశాడు. వేలితో తడిమినా ఎక్కడ కుట్టాడో తెలిసేది కాదు. ఇస్త్రీ చేసి అలమరలో పెట్టాడు. వారం తిరక్కుండానే మళ్లీ చిల్లులు. చాచా మళ్లీ కుట్టాడు. ఇలా కొన్నాళ్లు సాగింది. చాచాకూ ఐర్లండ్ ఆయనకూ ఒకరి భాష ఒకరికి రాదు, అడగాలని ఎవరికీ తోచలేదు.

తర్వాత ఉన్నట్టుండి చిల్లులు ఆగిపోయాయి. దొంగ భయపడ్డాడని చాచా సంబరపడి నాకు చాయ్ కూడా తాగించాడు. ఆ వారమే ఆటలో ఐర్లండ్ ఆయన సగంలోనే పిక్క పట్టుకుని కూలబడ్డాడు. ఇద్దరు పట్టుకుని బయటికి తెచ్చారు. ముదీర్ కుర్చీలోంచి లేవలేదు.

తిరిగి వస్తుంటే బస్సులో కాలికి ఐసు కట్టుకుని ఆయనే మొదలుపెట్టాడు. పిక్క బిగుసుకోకుండా సాక్సులకు చిల్లులు కోసుకోవడం ఆటగాళ్లలో మామూలేనట. కానీ కోసినప్పుడల్లా ఎవరో కుట్టి పెడుతున్నారు, అంటే బట్టలు పాడుచెయ్యొద్దని ముదీర్ మర్యాదగా చెప్పిస్తున్నాడు, ఒప్పందం పొడిగించే వేళ ఆయనతో పేచీ ఎందుకని మానేశాను అన్నాడు. నేను రౌండెబౌట్ దగ్గర మలుపు మరిచి ఇంకో చుట్టు తిరిగాను.

బస్సు ఆపీ ఆపగానే లాండ్రీకి పోయి చెప్పాను. "చాచా, కోసింది ఆయనే. కాలు పట్టెయ్యకుండ కోసుకుండట. నువ్వేమో కుట్టి కుట్టి పెడుతున్నవ్."

చాచా చేతిలోని ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేశాడు. "యా అల్లా! ఆయన కాలు నేను కట్టేసినానా?" అన్నాడు. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు ఆయన్ని లాండ్రీకి పిలిపించి, కాలి మీద చాక్‌పీసుతో ఎక్కడ బిగుస్తుందో గుర్తు పెట్టించుకుని, చిల్లులు తానే కోశాడు. అంచులు విచ్చిపోకుండా, సాగేలా వదులుగా కుట్టాడు. ఆయన తొడుక్కుని గదిలో అటూ ఇటూ గెంతి "గ్రాండ్" అన్నాడు.

"ఏమంటాండాడు?" అన్నాడు చాచా.

"పర్లేదంటుండు."

"ఇంత చేస్తే పర్లేదా?" అని చాచా చిన్నబుచ్చుకున్నాడు.

సీజను చివరి ఆటకు చాచా మొదటిసారి మెట్లెక్కి పైకొచ్చాడు. కమ్మీ పట్టుకుని నిలబడి, బంతి ఎటు పోయినా చూపు మాత్రం ఆ పిక్కల మీదే పెట్టాడు. ఐర్లండ్ ఆయన చివరి విజిల్ దాకా ఆడాడు. ఆట మేం ఓడిపోయాం. చాచాకు ఆ సంగతి నేను చెబితేగానీ తెలియలేదు.

ముదీర్ చెడ్డవాడేం కాదు. చివరిదాకా ఆడితే చూద్దామన్నాడు, చూశాడు. చూసి, ఇరవై రెండేళ్ల కుర్రవాణ్ణి తెచ్చుకున్నాడు. ఖలాస్. కబురు తెలిసిన రోజు నాకు బాధేసింది, అంతే.

విమానం ఎక్కే రోజు సామాను నా బండిలో పెట్టి, ఒక జత సాక్సులు పట్టుకుని లాండ్రీకి నడిచాడు. చాచా కోసి కుట్టిన జత. చిల్లులు మూసెయ్యమని అడిగాడు. పెద్దవైనా పాప చలికాలంలో వేసుకుంటుందట. "నాకింక అక్కర్లేదు" అన్నాడు. ఆ మాట చాచాకు నేనే తెలుగులో చెప్పాల్సి వచ్చింది.

అడక్కుండా అన్నిసార్లు కుట్టిన మనిషి, అడిగిన రోజు సూదిలో దారం ఎక్కించలేకపోయాడు. నేను ఎక్కించి ఇచ్చాను. "ఈసారి కుడితే మళ్లీ కోసేది ల్యా గదా నాయనా" అంటూ నెమ్మదిగా కుట్టాడు. ఐర్లండ్ ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చుని చివరి పోగు దాకా చూశాడు. జత తీసుకుని వేలితో తడిమాడు. గ్రాండ్ అనలేదు.

చాచా ఇప్పుడు ప్రొద్దుటూరులో మనవళ్ల దగ్గరున్నాడు, చూపు ఆనడం లేదట. ఐర్లండ్ ఆయన వాళ్ల ఊళ్లో పిల్లలకు ఆట నేర్పుతున్నాడని విన్నాను. మా బావమరిది ఫోనులోని ఆటగాడెవరో నాకు తెలియదు. పాపం అనుకోవాల్సిన పని మాత్రం లేదు, సాక్సులకు చిల్లులున్నాయంటే అతనికి ఇంకా ఆట ఉన్నట్టే. వాటిని కుట్టించుకోమని కాలం ఎలాగూ ఒకరోజు అడుగుతుంది, అందాకా పిక్కలకు గాలి తగలనీ.