రెండే సీట్ల కారు

ఆ కారు తనంతట తాను మా షెడ్డుకి రాలేదు. మిరపకాయ బస్తాలు మోసే ట్రాలీ మీద, టార్పాలిన్ కప్పుకుని, ట్రాక్టర్ వెనక వచ్చింది. టార్పాలిన్ తీశాక నాన్న దాని చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగాడు. పైకప్పు లేదు. రెండే సీట్లు. ఎత్తు నా నడుము దాకా కూడా లేదు. ఒకప్పుడు ముదురాకుపచ్చ రంగు వేసినట్టు తలుపు సందుల్లో మాత్రం తెలుస్తోంది. సీటు తోలు చిరిగిన చోట ఎలుకలు పత్తి గింజలు దాచుకున్నాయి.

తెచ్చిన మనిషిది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే కుటుంబం. ఆ ఇంట్లో ఆఖరివాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. పొగాకు కంపెనీలో పనిచేసిన ఒక దొర దేశం వదిలి వెళ్తూ ఈ కారుని వాళ్ళ తాతగారికి అమ్మాడట. తాతగారు పోయాక కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల కింద పడి ఉంది. ఈయనకి అది మునుపటిలా నడిస్తే చాలదు. టర్బో పెట్టించాలి. అంటే, పొగగొట్టంలోంచి వృథాగా పోయే వేడి పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, ఆ చక్రంతో ఇంజన్‌లోకి మామూలు కంటే ఎక్కువ గాలి తోయించాలి. ఆ ఈల వినపడాలి. గాలి ఒత్తిడి పెంచుకోవడానికి స్టీరింగ్ పక్కన ఒక నాబ్ ఉండాలి. హైదరాబాదులో అడిగితే పాత ఇంజన్ పారేసి కొత్తది పెట్టుకోమన్నారట. ఆయన ఒప్పుకోలేదు. తాతగారి ఇంజనే కావాలి.

అందుకే మా నాన్న దగ్గరికి వచ్చాడు. ఒంగోలు నుంచి విజయవాడ దాకా లారీ టర్బోల సంగతి వస్తే డ్రైవర్లు నాన్న పేరే చెప్పేవాళ్ళు. మేము దూదేకులవాళ్ళం. మా తాత విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకి దూది ఏకేవాడు. రెడీమేడ్ పరుపులు వచ్చి ఆ పని పోయేసరికి నాన్నని చిన్నప్పుడే లారీ షెడ్డులో పెట్టాడు. నాన్నకి పేరు తెచ్చింది ఆయన చెవి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి పట్టి కళ్ళు మూసుకునేవాడు. అప్పుడు డ్రైవర్లు మాట్లాడుకోవడం ఆపేసేవాళ్ళు. కాసేపటికి కళ్ళు తెరిచి, ఏ బేరింగు పోయిందో చెప్పేవాడు.

ఇప్పుడు వచ్చే లారీలకి కంప్యూటర్ తగిలిస్తే అదే చెబుతుంది. రెండేళ్ళుగా నాన్న దగ్గరికి పాత బండ్లు మాత్రమే వస్తున్నాయి. అవీ తగ్గుతున్నాయి. ఈ కారు పరిగెడితే తన పని ఇంకా అయిపోలేదని తనకి తాను చెప్పుకోవచ్చనుకున్నాడు నాన్న. ఆ మాట పైకి అనలేదు గానీ, కారు వచ్చిన మర్నాటి నుంచి గడ్డం నున్నగా గీసుకుని షెడ్డుకి వెళ్ళేవాడు. అమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

డిగ్రీ అయ్యాక నేను ఇంట్లోనే ఉండి పోటీ పరీక్షలకి చదువుతున్నాను. మధ్యాహ్నం స్కూటీ మీద నాన్నకి క్యారేజీ తీసుకెళ్ళేదాన్ని. ఆయన తిని కాసేపు నడుం వాల్చాక, షెడ్డు మూల ఉన్న టైర్ల మీద కూర్చుని లైబ్రరీ పుస్తకం చదువుకునేదాన్ని. అక్కడ నన్ను ఎవరూ పలకరించరు. అందుకే ఆ చోటు నాకు ఇష్టం.

శీతాకాలమంతా ఆ కారు పనే. చెడిపోయిన ఒక డీజిల్ కారు టర్బో సంపాదించాడు. దాన్ని బిగించడానికి ఇనప గొట్టాలు కోసి, వంచి, వెల్డింగ్ చేశాడు. లోపలి ఒత్తిడి కాస్త తగ్గేలా ఇంజన్ తలకాయ కింద మందపాటి రాగి రేకు వేశాడు. కార్బొరేటర్లు విప్పి కడిగి మళ్ళీ బిగించాడు. మొదటిసారి స్టార్ట్ అయిన రోజు పక్క షెడ్ల వాళ్ళంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు. నాన్న నవ్వును చాలాకాలం తర్వాత ఆ రోజే చూశాను.

వారం తిరక్కుండా ఒక పిస్టన్ పోయింది. నాన్న ఒక్కడే పర్చూరు రోడ్డు మీద తోలుకెళ్ళి, తాడు కట్టించుకుని వెనక్కి వచ్చాడు. విప్పి చూస్తే పిస్టన్ అంచు చెదలు తిన్నట్టుంది. పాత లోహం, అంతే అన్నాడు. కొత్త పిస్టన్లు తెప్పించి బిగించాడు. అవీ అలాగే అయ్యాయి. ఆ పిస్టన్‌ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం అన్నం సగం వదిలేశాడు.

మూడోసారి బిగించాక నన్ను పిలిచాడు. తను రోడ్డు చూసుకోవాలి కాబట్టి, నేను పక్కన కూర్చుని గాలి ఒత్తిడి మీటర్ చూసి అంకె చెప్పాలట. స్కూటీ మీద కూడా ఎవరికీ కనపడకుండా సందుల్లోంచి పోయేదాన్ని, పైకప్పు లేని కారులో రోడ్డంతా చూస్తుండగా కూర్చోవడం! చున్నీ తలకీ ముఖానికీ చుట్టుకుని, వీలైనంత కిందికి జారి కూర్చున్నాను.

పత్తి లోడు ట్రాక్టర్లు పోయే కాలం. రోడ్డు పక్క తుమ్మ చెట్లకి పత్తి పీచు చిక్కుకుని వేలాడుతోంది. ట్రాక్టర్ మీది కుర్రాళ్ళు కేకలేశారు.

"ఒరేయ్, షూటింగ్ రా! హీరోయిన్ ముఖం చూపించట్లేదు!"

"హీరో ఎవడ్రా, ఆ ముసలాయనా?"

నాన్న వాళ్ళ వైపు తిరగలేదు. పట్టించుకోలేదనుకున్నాను.

ఊళ్ళు దాటాక ఖాళీ రోడ్డు వచ్చింది. నాన్న యాక్సిలరేటర్ తొక్కాడు. ఈల మొదలైంది. వీపు సీటుకి అతుక్కుపోయింది. నేను అంకెలు అరుస్తున్నాను. అప్పుడు ఈల కింద ఇంకో చప్పుడు వచ్చింది. రేకు డబ్బాలో మిరప గింజలు పోసి గబగబా ఆడిస్తున్నట్టు, సన్నగా, గలగలా. నాన్న కాలు తీయగానే పోయింది.

"నాన్నా, ఆ చప్పుడేంటి?"

"ఏ చప్పుడు?"

మళ్ళీ తొక్కాడు. మళ్ళీ వచ్చింది. చెప్పాను. రేకులేవైనా వదులై కొట్టుకుంటున్నాయేమో అన్నాడు. కాదు, ఇంజన్‌లోంచే అన్నాను. కారు పక్కకి ఆపి నా వైపు చూశాడు.

"అది వచ్చినప్పుడల్లా చెయ్యి ఎత్తు. నోటితో చెప్పకు. చెయ్యి ఎత్తు చాలు."

ఈసారి ఆయన కళ్ళు రోడ్డు మీద కంటే నా చేతి మీదే ఎక్కువ ఉన్నాయి. చప్పుడు వచ్చింది, చెయ్యి ఎత్తాను. కాలు తీశాడు, దించాను. మళ్ళీ తొక్కాడు, ఎత్తాను. అలా పోతూ పోతూ ఒక కల్వర్టు దగ్గర కారు ఆపి ఇంజన్ కట్టేశాడు. చేలల్లో ఎవరో పంపు వేశారు. కొంగలు లేచాయి. నాన్న చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి.

"నాకేం వినపడట్లేదమ్మా," అన్నాడు.

కాసేపటికి తనే చెప్పుకుంటూ వచ్చాడు. పెట్రోలు ఇంజన్‌కి గాలి ఎక్కువైతే లోపల మంట వేళ తప్పి పేలుతుంది. ఆ సన్నటి గలగల అదే. అది విని వెంటనే తగ్గించుకోకపోతే పిస్టన్ కరిగిపోతుంది. డీజిల్ బండికి ఆ బాధ లేదు. అక్కడ పొగ చూస్తే చాలు. నల్లగా వచ్చేదాకా పెంచి, కాస్త వెనక్కి తిప్పితే సరిపోతుంది. ఇన్నేళ్ళూ తను లారీలు విన్నాననుకున్నాడు. నిజానికి పొగ చూశాడు. స్క్రూడ్రైవర్ పిడి ఎముకకి తగిలి అదురుతుంటే ఆ అదురునే చప్పుడు అనుకున్నాడు. చెవి ఎప్పుడు వదిలేసిందో తనకే తెలియదు. ఇంట్లో టీవీ సౌండ్ ఎందుకంత అని నేను విసుక్కున్న రోజులు, నేను చెప్పిందే ఈయనకి వినపడదని అమ్మ చుట్టాల ముందు నవ్విన రోజులు నాకు గుర్తొచ్చాయి. మొగుళ్ళందరూ అంతేలే అని వాళ్ళూ నవ్వేవాళ్ళు.

"అమ్మతో అనకు," అన్నాడు కారు తిప్పుతూ.

తర్వాత చాలా రోజులు మధ్యాహ్నం పూట మేమిద్దరం ఆ రోడ్డు మీద తిరిగాం. నేను చెయ్యి ఎత్తితే ఆయన ఆపి, బానెట్ తీసి, స్పార్క్ వేళ కాస్త వెనక్కి జరిపేవాడు. మళ్ళీ వెళ్ళేవాళ్ళం. నా చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయిన రోజు వచ్చేదాకా అలా చేశాం. ఆ తర్వాత నాబ్ వెనక ఒక చిన్న బోల్టు బిగించాడు, అంతకు మించి తిరగకుండా. కారు బాగానే పరిగెత్తేది. నాన్న మాత్రం సంతోషంగా లేడు. చేస్తున్న పని తనది కాదన్నట్టు ఉండేవాడు.

కళ్ళాల్లో మిరపకాయ ఎర్రగా పరిచి ఉన్న రోజుల్లో కారు తెచ్చినాయన స్నేహితుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కొత్తగా వేయించిన ముదురాకుపచ్చ రంగు మెరుస్తోంది. ఫోన్లు పట్టుకుని కారు చుట్టూ తిరిగారు. ఆయన స్టీరింగ్ పక్క నాబ్ తిప్పి చూశాడు. సగంలో ఆగింది. వంగి లోపల చూశాడు.

"ఈ బోల్టు ఎందుకండీ మేస్త్రీ గారూ?"

"అంతకు మించి వద్దు బాబూ. పాత ఇంజను."

"మీరు చేశాక పాతదేంటండీ? ఈ ఒక్కసారికి తీసేయండి. మీరే తోలండి, నేను పక్కన కూర్చుంటా."

నాన్న నా వైపు చూశాడు. అందులో రెండే సీట్లు. నేను పక్కన లేకుండా కుదరదని చెబితే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే చెవి సంగతి చెప్పాలి, ఇంతమంది ముందు, తన షెడ్డులో. నాన్న ఒంగి బోల్టు తీశాడు. తీసి జేబులో వేసుకున్నాడు.

ఈల రోడ్డు మలుపు దాటేదాకా వినపడింది. నేను టైర్ల మీద కూర్చున్నాను. పుస్తకం తెరవలేదు. స్నేహితులు సిగరెట్లు వెలిగించుకుని, సినిమా కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎంతసేపైందో తెలియదు. మిరపకాయ బస్తాల ట్రాక్టర్ ఒకటి షెడ్డు ముందుకి తిరిగింది. దాని వెనక తాడుకి ఆ కారు.

ఇంజన్ పక్కన చెయ్యి దూరేంత కంత పడింది. లోపలి రాడ్డు విరిగి పోత ఇనుముని పగలగొట్టుకుని బయటికొచ్చింది. అది అతికే పని కాదు. అలాంటి ఇంజన్ ఇంకోటి ఎక్కడుందో కూడా తెలియదు. కారు ఆయన ఆ కంతని చూస్తూ నిలబడ్డాడు. కోపంగా లేడు. అయోమయంగా ఉన్నాడు.

"ఏదో గలగలమంటోంది ఆపండి అంటూనే ఉన్నానండీ," అన్నాడు నాన్నతో. "ఏమీ లేదు బాబూ అన్నారు."

"నాకు వినపడలేదండి."

"ఆ ఈలలో, గాలిలో వినపడి ఉండదు లెండి."

ఆయన దయగా ఒక దారి చూపించాడు. నాన్న దాన్ని తీసుకోలేదు.

"కాదు బాబూ. నాకసలు వినపడదు."

స్నేహితుల్లో ఒకడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పక్క షెడ్డు వాళ్ళు కూడా అక్కడే నిలబడి ఉన్నారు. సాయంత్రానికి మా షెడ్లున్న ఆటోనగర్ అంతా ఆ మాట తెలిసింది. కారు మళ్ళీ ట్రాలీ ఎక్కింది. దాన్ని కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల కిందే దింపేశారని తర్వాత విన్నాం.

అమ్మకి ఆ రాత్రి నేనే చెప్పాను. ఆమె టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్ళింది. నాన్నని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పరీక్ష చేసి, ఒక కాగితం మీద వినికిడి గీత చూపించాడు. సన్నటి చప్పుళ్ళ వైపు వెళ్ళేకొద్దీ అది గోడ మీంచి పడ్డట్టు కిందికి పడిపోయింది. ఏళ్ళ తరబడి ఇంజన్ల మధ్య ఉన్నవాళ్ళకి ఇది మామూలేనని, పోయింది తిరిగి రాదని చెప్పాడు. చెవికి పెట్టుకునే మిషన్ ఇచ్చారు. షెడ్డులో పెట్టుకుంటే సుత్తి దెబ్బా, ఇంజనూ, మనిషి మాటా అన్నీ కలిసి ఒకే ముద్దగా చెవిలో పడుతున్నాయని దాన్ని చొక్కా జేబులో పెట్టుకుంటాడు. నాన్నతో మాట్లాడాలంటే ఎదురుగా వెళ్ళి, ముఖం కనపడేలా నిలబడి మాట్లాడాలి. ఇంట్లో అందరికంటే చిన్న గొంతు నాది. నేను మాట్లాడితే ఆయన నా పెదాలకేసి చూస్తాడు. అలా చూస్తుంటే నాకు చెప్పాలనుకున్న మాట సగంలో ఆగిపోతుంది.

షెడ్డు మాత్రం ఇంకా మూయలేదు. మొన్న క్యారేజీ తీసుకెళ్ళేసరికి సింగరాయకొండ నుంచి ఒక పాత లారీ వచ్చి ఆగి ఉంది. ఆ డ్రైవర్ మా నాన్నకి ఎప్పట్నుంచో తెలుసు. దిగుతూనే మొదలుపెట్టాడు.

"బాబాయ్, లోడు మీద ఏదో కొత్త మోత వస్తోంది. స్టార్ట్ చేస్తా, విని చెప్పు."

నాన్న అతని పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు.

"వినలేనురా. పొగ చూసి ఏమన్నా చెప్పగలిగితే చెప్తా. మోత సంగతి ఇంకెవర్నైనా అడుగు."

"నాతో జోకులేంటి బాబాయ్?"

నాన్న నవ్వలేదు. డ్రైవర్ నా వైపు తిరిగాడు. జోకు కాదని తల అడ్డంగా ఊపాను. అతను తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు. అక్కడున్న పానాల్లో ఒకదాన్ని కాలితో అటూ ఇటూ దొర్లించాడు.

"సరే, టీ తాగొస్తా బాబాయ్," అన్నాడు కాస్త గట్టిగా.

నాన్న తల ఊపి, వెనక్కి తిరిగి డీజిల్ డబ్బాలో చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. డ్రైవర్ టీ కొట్టు వైపు వెళ్ళలేదు. లారీ ఎక్కి స్టార్ట్ చేసి, నెమ్మదిగా మలుపు తిప్పుకుని నాలుగు షెడ్ల అవతల ఆపాడు. నాన్న గోళ్ళ సందుల్లో గ్రీజు ఒక్కొక్క వేలికీ శ్రద్ధగా తీసుకుంటున్నాడు. అయ్యాక, తిరగకుండానే అడిగాడు.

"వెళ్ళిపోయాడా అమ్మా?"

నేను చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్ళి నిలబడి, వెళ్ళిపోయాడు నాన్నా అన్నాను.