ఊరికే రానిచ్చే అడవి

గేటు మీద "ప్రవేశం ఉచితం" అన్న మాటల్ని బొంగెకిలె అవ్వ రెండుసార్లు చదివింది. చదివి, ఆరుగురు పిల్లల్నీ ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

దక్షిణాఫ్రికాలో డర్బన్ అంచున కొండవాలులో ఆమెది రెండు గదుల ఇల్లు. తల్లులు పొద్దున్నే పిల్లల్ని ఆమెకు ఒప్పజెప్పి టాక్సీలెక్కి పనులకు పోతారు. వాళ్లలో ఒకామె వారం రోజులు పోరింది: "అడవిలోకి ఇప్పుడు అందర్నీ రానిస్తున్నారంట అవ్వా, పిల్లల్ని ఓసారి తిప్పుకురా." అవ్వ వచ్చింది గానీ మనసొప్పి రాలేదు. పదేళ్ల వయసులో ఈ చెట్ల కిందే ఎండుపుల్లలు ఏరుకుంటుంటే కాపలావాళ్లు ఆమె మీదికి కుక్కల్ని వదిలారు. అప్పుడు తరిమినవాళ్లు ఇప్పుడెందుకు పిలుస్తున్నట్టు?

గేటు దగ్గర ఆకుపచ్చ చొక్కా వేసుకున్న కాపలాదారు షెజి పుస్తకం ముందుకు జరిపాడు.

"పిల్లల పేర్లు చెప్పండమ్మా."

"ఎందుకయ్యా?"

"ఎంతమంది వచ్చారో పైవాళ్లకి చెప్పాలి."

"అయితే ఆరుగురని రాసుకో. పేర్లతో నీకేం పని?"

అతను అలాగే రాసుకున్నాడు. చూపు మాత్రం ఆమె భుజాన ఉన్న పెద్ద సంచి మీదే ఉంది. "అందులో ఏముంది?"

"అమగ్విన్యాలు. పొద్దున్నే పిండి ముద్దలు చేసి నూనెలో వేయించాను. ఆకలేస్తే పిల్లలకి ఆకులు మేపమంటావా?"

లోపలికి వెళ్లగానే పిల్లలకు జానెడు పొడవున్న రోకలిబండ పురుగు కనబడింది. దాని చుట్టూ గొంతుక్కూర్చుని, కాళ్లెన్నో లెక్కపెట్టలేక కొట్లాడుకున్నారు. అవ్వ వెనక్కి తిరిగి చూసింది. ఇరవై అడుగుల దూరంలో ఆకుపచ్చ చొక్కా. ఆమె నడిస్తే నడిచాడు, ఆగితే ఆగి కొమ్మల్లో పిట్టల్ని వెతుకుతున్నట్టు తలెత్తాడు.

"ఏవయ్యా, మా వెనక పడ్డావేం?"

"తిరగడమే నా పనమ్మా."

ఆమె పిల్లల తలలు మళ్లీ లెక్కపెట్టుకుంది. తిండి కూడా తొందరపెట్టి తినిపించి గేటు వైపు నడిపించింది.

షెజి అడ్డంగా నిలబడ్డాడు. "సంచి చూపించండి."

గుడ్డ తీస్తే అడుగున అరచేయంత బెరడు ముక్క. ఇంకా తడి ఆరలేదు.

"నువ్వే పెట్టావు!" అని అరిచింది అవ్వ. "దీనికేనా ఊరికే రానిచ్చింది?"

"పోయిన నెల నాలుగు చెట్లు చచ్చాయమ్మా. నాటుమందుల బజారుకని బెరడు ఒలుచుకుపోతున్నారు. పెద్ద సంచితో వచ్చినవాళ్లని నేను నమ్మను."

నాలుగేళ్ల ల్వాండ్లె బావురుమన్నాడు. "నేనే పెట్టా! కింద పడుంటే తీశా. అవ్వ మోకాలికి!"

అవ్వ ఆ ముక్కని ముక్కు దగ్గర పెట్టుకుంది. నెలనెలా బజారులో కొని, కాచి మోకాలికి పట్టించుకునే బెరడు అదే. వాసన ఆమెకు తెలుసు.

ల్వాండ్లె చెయ్యి పట్టుకుని, "ఎక్కడ దొరికిందిరా? చూపించు," అంది.

వాగు పక్కన చెట్టు. మనిషెత్తు వరకూ ఒలిచేశారు, బెత్తెడు బెరడు మాత్రం ఒకవైపు మిగిలింది. గాయం నుంచి రసం కారుతోంది.

"ఇంతైనా మిగిలింది కాబట్టి బతికితే బతకొచ్చు," అన్నాడు షెజి. "మట్టి మెత్తి చూడాలి."

నొప్పి మోకాలితోనే అవ్వ నేల మీద కూలబడింది. పిల్లల సీసాల్లో నీళ్లు పోసి బంకమట్టి పిసికింది. చిన్న చేతులు అందినంత మేర పిల్లలు మెత్తారు, పైన షెజి మెత్తాడు. మెత్తుతూనే మెల్లగా అడిగాడు. "మీరు ఎవరి దగ్గర కొంటారమ్మా?"

ఆమె చేతులు ఆగిపోయాయి. ఇదన్నమాట సంగతి. "ఎవర్నీ పట్టివ్వడానికి రాలేదు నేను. నా వరకు నేను ఇక కొనను. అంతే."

అతను మళ్లీ అడగలేదు. తర్వాత పడ్డ వానలకు ఆ చెట్టు బెరడు మిగిలిన వైపు మాత్రం చిగురేసింది.

అడవికి వెళ్లొచ్చిన వారంలోనే, శనివారం నాడు అవ్వ బజారుకెళ్లి, ఇరవై ఏళ్లుగా తనకు బెరడు అమ్మే మనిషి ముందు నిలబడింది. "ఇది ఎక్కడిదే?"

"ఎక్కడిదైతే నీకెందుకు? నొప్పి తగ్గితే చాలదా?" అంది ఆమె, తలెత్తకుండా.

కుప్ప మీది ముక్క తీసి చూసింది అవ్వ. తడిగా ఉంది. దాన్ని అక్కడే పెట్టేసి, కుంటుకుంటూ ఇంటిదారి పట్టింది.