గోడకు అంటించిన కార్డులు

పళ్ళిపట్టులో మా ఎదురింటి అత్త తిరువళ్ళూరు ఆసుపత్రిలో పోయిందని కబురు వచ్చినప్పుడు నేను దీపావళి కార్డుల మీద అడ్రసులు రాస్తున్నాను. మా చక్కెర జబ్బు శిబిరాలకు సాయపడేవాళ్ళకి ఏటా పంపే కార్డులవి. కట్టలో మూడోది ఆమెదే.

మాది పెద్ద సంఘమేమీ కాదు. నలుగురం కలిసి ఊళ్ళో రక్తపరీక్షలు చేయిస్తాం, డాక్టరు చేత కాళ్ళు చూపిస్తాం. మొదటిసారి చోటు దొరక్క తిరుగుతుంటే అత్తే తన వసారా ఇచ్చింది. ఆరేళ్ళుగా అక్కడే. తెల్లవారకముందే కడిగి చాపలు పరిచేది. రాని ఆడవాళ్ళని ఇంటికి వెళ్ళి మరీ చేయి పట్టుకుని తెచ్చేది. రక్తం ఇచ్చినవాళ్ళకి రాగి అంబలి పోసేది.

ఆమెకూ చక్కెర జబ్బే. కాళ్ళు చూపించుకోమంటే, వచ్చినవాళ్ళు లేవకుండా ఇంటామె కూర్చోకూడదనేది.

"ముందు వాళ్ళని చూడండయ్యా. నేను యాడికి పోతాను?"

మేమూ అలాగే అనుకున్నాం. అంతలో డాక్టరుగారు సంచి సర్దుకునేవారు.

కార్డుకి ముందువైపు దీపం బొమ్మ, కృతజ్ఞతలు. వెనక, ఈ జబ్బున్నవాళ్ళు ఏమేం గమనించుకోవాలో. మా ఊరు తమిళనాడులోది గనక అంతా అరవంలోనే. అత్త నగరి వైపు నుంచి వచ్చిన కోడలు. అరవం గడగడా మాట్లాడేది గానీ ఒక్క అక్షరం చదవలేదు, చదివితే తెలుగే. ఆ సంగతి నాకు బాగా తెలుసు. కొందరి కోసం తెలుగులో వేరే అచ్చెందుకులే అని బద్ధకించాను.

పోయినేడు ఆ కార్డు పట్టుకుని మా గడప దగ్గరికి వచ్చింది.

"ఇందులో ఏం రాసినారో చదివి చెప్పయ్యా."

నేను బస్సు తొందరలో ఉన్నాను. "నీకు దండం పెట్టినామత్తా, అంతే" అన్నాను. ఆమె సిగ్గుపడి, కార్డు కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది.

ఈ ఏడు ఆడికృత్తిక పండక్కి మొక్కుందని తిరుత్తణి కొండకు చెప్పుల్లేకుండా నడిచింది. అరికాల్లో ఏదో గుచ్చుకుంది. నొప్పి లేదు గదా అని పసుపు అద్ది ఊరుకుంది. వాళ్ళ కోడలి కంటబడేసరికి పాదం నల్లబడిపోయింది. దెబ్బ తగిలి నొప్పి తెలియకపోతే వెంటనే రండి అన్నది కార్డు వెనక మొదటి మాట. రాసింది నేనే. అడిగితే చదివి చెప్పనిదీ నేనే. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఈ కార్డులు అందుకునే, మాకు సాయపడే మీ అందరికీ ఈ ఏడూ కృతజ్ఞతలే చెప్పాలి. కానీ ముందు మీ ఇంట్లో చక్కెర జబ్బున్నవాళ్ళ అరికాళ్ళు ఈ పూటే చూడండి. మా కార్డు చదవలేనివాళ్ళుంటే పక్కన కూర్చుని రెండు వైపులా చదివి వినిపించండి.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. కోడలి ముఖం చూడలేక తల దించుకునే ఉన్నాను. ఆమే నన్ను లోపలికి పిలిచి దేవుడి గూటి పక్కన గోడ చూపించింది. ఆరు కార్డులూ వరసగా ఉన్నాయి. ఒక్కో దీపం మీద ఒక్కో కుంకుమ బొట్టు. ఒకదాని అంచు గోటితో లేపబోయాను. అత్త మైదా ఉడికించి గట్టిగా అంటించినట్టుంది, రాలేదు. వెనకవైపంతా గోడకే అతుక్కుపోయి ఉంది.