‘మీరు’ అనిపించుకున్న చేప

మా చిన్నాడపడుచు భర్తకి ఆకివీడులో చేపల చెరువులున్నాయి. చెరువు చేపల్ని లారీలకెత్తించే ఆ అన్నయ్యగారు, ఇంట్లో ఉప్పునీటి తొట్టెలో పెంచుకునే సముద్రపు చేపను మాత్రం ‘మీరు’ అనేవారు.

అది వచ్చిన కొత్తలో ఏమీ తినక పొట్ట లోపలికి పోయింది. ఇక బతకదేమోనని ఆయనకి దిగులు. చెరువులో మేత సంచులు కట్టినట్టే చిల్లుల గుడ్డలో తవుడు మూటగట్టి వేలాడదీశారు. చేప అటు చూడనైనా లేదు.

“సముద్రంలో పుట్టినోళ్లకి తవుడు పెడతారేంటండీ!” అంది ఆడపడుచు.

ఆయన మూట తీసేసి, మేడమీద ఎండలో ఉంచిన ఉప్పునీళ్ల బకెట్లోంచి పచ్చగా పాచి పట్టిన రాయి తెచ్చి దించారు.

“ఏవండీ, కాస్త రుచి చూడండి,” అన్నారు చేపతో.

చేప మెల్లగా వచ్చి, దువ్వెనలాంటి సన్నని పళ్లతో పాచిని గీకింది.

“తింటున్నారే!” అన్నారాయన.

రాయి మీద తెల్లటి గీతలు ఒక్కొక్కటే తేలుతుంటే, చేపన్నదే ఎన్నడూ చూడనట్టు నేలమీద కూర్చుండిపోయారు.